ఇంట్లో కట్టిన విమానానికి రికార్డరు: ఏం పెట్టాలె, ఎంత రాయాలె, పడితే ఎవరికి చెప్పాలె?

పానగల్లు_రెక్క | 1
రెండు సీట్ల విమానం, రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజిను, గరిష్ట బరువు 560 కిలోలు. రెక్కలు అయినయ్, ప్యానెల్ వైరింగు మొదలైతుంది. వైర్లు ఒకసారి కట్టినంక మళ్ల విప్పుడంటే పెద్ద పని, అందుకే ఇప్పుడే అడుగుతున్న. రికార్డరు గురించి ఎవరినడిగినా "ఫోన్ పెట్టుకో, చాలు" అంటరు, లేకపోతే "నీకెందుకయ్యా బ్లాక్‌బాక్సు, బోయింగా" అంటరు. సరైన జవాబు ఒక్కటి రాలే.
ఏమేం రాసుకోవాలె? ఎంత వేగంతో రాసుకోవాలె? 15 వేలల్ల అయితదా? రేపు ఏమన్న అయితే ఎవరికి, ఎంతల చెప్పాలె? కెమెరా ఒక్కటి పెడితే సరిపోదా?

డిండి_గాలి | 2
చట్టం ప్రకారం అక్కర్లేదు. ఫ్లైట్ డేటా రికార్డరు రూలు మొత్తం 5,700 కిలోలు దాటిన విమానాల చుట్టూ తిరుగుతుంది, కింద ఉన్నవాటిలో కూడా టర్బైన్ ఇంజిన్లవాటికే తేలికపాటి రికార్డరు మాట వస్తుంది. పిస్టన్ ఇంజిను, 560 కిలోలు అంటే ఎవరూ అడగరు. అడగరు కాబట్టే ఎవరూ పెట్టరు.

మల్టీమీటర్_మిర్యాలగూడ | 3
ముందుగాల "బ్లాక్‌బాక్సు" అన్న మాట మనసులకెల్లి తీసెయ్. పెద్ద విమానంల ఉండేది 3,400 జీ (భూమి గుంజుడుకు 3,400 రెట్లు) దెబ్బకు, 1,100 డిగ్రీల మంటల గంటసేపు, 6,000 మీటర్ల నీళ్ల లోతుకు తట్టుకోవాలె. అది నువ్వు కట్టేది కాదు, కట్టినా నీ విమానం మోసేది కాదు. నీకు కావాల్సింది విమానం మంచిగున్నప్పుడు చదువుకునే రికార్డరు. పడ్డప్పుడు సుత మిగిలితే అది లాభం.

ఎందుకంటున్ననంటే, అమెరికాల ప్రమాదాల దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2012ల ఇంట్లో కట్టిన విమానాల మీద ఒక పెద్ద అధ్యయనం చేసింది. 2011 లెక్కల అక్కడి చిన్న విమానాలల్ల ఇవి దాదాపు 10 శాతం. మొత్తం ప్రమాదాలల్ల వాటి వాటా 15 శాతం, ప్రాణాలు పోయినవాట్ల 21 శాతం. ముఖ్య కారణాలు రెండు: ఇంజిను శక్తి తగ్గుడు, గాలిల అదుపు తప్పుడు. కట్టినాయన మొదటిసారి ఎగిరినప్పుడు, సెకండ్‌హ్యాండ్‌ల కొన్నాయన మొదటిసారి ఎగిరినప్పుడు ప్రమాదాలు గుంపుగ కనబడ్డయ్. పరీక్ష ఎగరుడుల ఎలక్ట్రానిక్ రికార్డులు వాడుకొమ్మని ఆ అధ్యయనమే చెప్పింది.

అంటే పరీక్ష ఎగరుడు జరిగే మొదటి 40 గంటలు ముఖ్యం. ఆ 40 గంటలల్ల ఇవి కావాలె: ఆర్‌పీఎం, ఆయిల్ ప్రెషరు, ఆయిల్ టెంపరేచరు, నాలుగు సిలిండర్ల ఈజీటీ (బయటికొచ్చే పొగ వేడి), రెండు సీహెచ్‌టీ (సిలిండర్ తల వేడి), ఫ్యూయల్ ప్రెషరు, బస్ వోల్టేజి, బయటి ఉష్ణోగ్రత, పిటోట్ వేగం (ఎదురుగాలి ఒత్తిడితోని), స్టాటిక్ ఎత్తు (బయటి గాలి ఒత్తిడితోని), జీపీఎస్, మూడు దిక్కుల త్వరణం, మూడు దిక్కుల తిరుగుడు. ఇంజినువి సెకనుకొకసారి చాలు. వేగం, ఎత్తు సెకనుకు పదిసార్లు. త్వరణం గురించి వేరే చెప్తా, అది గొడవైన ముచ్చట.

చెల్క_రన్‌వే | 4
బ్లాక్‌బాక్సు నారింజ రంగుల ఉంటదట గద. ముందుగాల రంగు డబ్బా కొను అన్నా, బడ్జెట్‌ల అదొక్కటే ఖాయం.

పిల్లలమర్రి_ప్రొపెల్లర్ | 5
3వ పోస్టులో ఫ్యూయల్ ప్రెషరు మధ్యలో ఎక్కడో పడేశారు, నేనైతే మొదటి వరుసలో పెడతాను. 912కు 0.15 బార్ కంటే తగ్గకూడదు. మే నెలలో ఎగిరివచ్చి, ఇంజిను ఆపి, ఇరవై నిమిషాలు ఎండలో నిలబెట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే కౌలింగు (ఇంజిను మీది మూత) లోపలి వేడికి పైపులో పెట్రోలు ఆవిరవుతుంది. నేల మీద ఇంజిను బాగానే తిరుగుతుంది, ఫుల్ పవర్ పెట్టి పైకి లేచాక ప్రెషరు ముల్లు వణకడం మొదలవుతుంది. ఇప్పుడు బంకు పెట్రోలులో ఇథనాల్ 20 శాతం. రోటాక్స్ ఈ ఇంజినుకు ఒప్పుకున్నది 10 శాతం దాకానే. పెట్రోలు ఎక్కడ పోయించారో, ఏ రోజు పోయించారో లాగ్‌లో చేత్తో రాసుకోండి, అది ఏ సెన్సరూ చెప్పదు.

బయటి ఉష్ణోగ్రత కూడా అలంకారం కాదు. మహబూబ్‌నగర్ నేల ఎత్తు దాదాపు 500 మీటర్లు. 43 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి 5,000 అడుగులకు పైన ఉండాల్సినంత పలచగా ఉంటుంది. జనవరి పొద్దున వచ్చిన క్లైంబు రేటును మేలో వచ్చినదానితో పోల్చి "ఇంజిను బలం తగ్గింది" అనుకుంటే తప్పు లెక్క. ఉష్ణోగ్రత రాసి ఉంటేనే రెండూ ఒక దారిలోకి వస్తాయి.

పానగల్లు_రెక్క | 6
ఇథనాల్ సంగతి గుర్తుపెట్టుకుంట. మరి ఫోన్ ఎందుకు వద్దంటున్రు? అందుల జీపీఎస్ ఉంది, బారోమీటరు ఉంది, యాక్సిలరోమీటరు ఉంది.

అమ్రాబాద్_టవర్లేదు | 7
ఫోనే చాలు అనేవాళ్లల్ల నేనొకణ్ని. ఐజీసీ ఫైలు (గ్లైడరోళ్లు వాడే దారి లాగ్) రాసే యాప్ వేస్తే దారి మొత్తం వస్తది, సిగ్నల్ అక్కర్లేదు, ఖర్చు సున్నా. నల్లమల మీద టవర్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తది. ఏం నష్టం?

మల్టీమీటర్_మిర్యాలగూడ | 8
7, దారి వస్తది, ఒప్పుకుంట. కారణం రాదు. ఇంజిను ఎందుకు ఆగిందో ఫోనుకు తెల్వది. ఇగ ఫోను కష్టాలు: కానపీ (కాక్‌పిట్ మీది అద్దం మూత) కింద ఎండకు వేడెక్కి మూసుకుంటది. బ్యాటరీ ఆదా పేరుమీద యాప్‌ను వెనకనుంచి చంపేస్తది, రెండు గంటలు ఎగిరినంక చూస్తే ఏడు నిమిషాల ఫైలు. లోపలి బారోమీటరు కాక్‌పిట్ గాలిని కొలుస్తది, స్టాటిక్ గాలిని కాదు. వెంట్ తెరిస్తే, కిటికీ జరిపితే, పక్కకు జారితే కాక్‌పిట్ ఒత్తిడి మారుతది. ఒక్క హెక్టోపాస్కల్ తేడా అంటే 27 అడుగులు. దూకినట్టు కనబడతది, విమానం దూకలే.

రెండో ప్రతిగ ఫోన్ ఉండనీ. మొదటి ప్రతిగ వద్దు.

సాగర్_590 | 9
ఎత్తు మాట వచ్చింది కాబట్టి. మన దగ్గర జీపీఎస్ ఎత్తులో ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. జీపీఎస్ సహజంగా కొలిచేది దీర్ఘవృత్తాకార గోళం నుంచి ఎత్తు. తెలంగాణలో సముద్రమట్టం ఆ గోళం కంటే సుమారు 70–80 మీటర్లు కిందుంటుంది. కొన్ని రిసీవర్లు సవరించి సముద్రమట్టం నుంచి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఐజీసీ ఫైల్లో జీపీఎస్ ఎత్తు గోళం నుంచే ఉండాలి.

సరిచూడటం సులువు. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. నిండిన రోజున నీళ్ల అంచున నిలబడి రికార్డరు చూడు. 180 దగ్గర చూపితే సవరించినది, 100 దగ్గర చూపితే సవరించనిది. ఏదైనా పరవాలేదు, ఏదో ఒకటని ఫైలు మొదటి వరుసలో రాసి ఉండాలి. లేకపోతే రేపు చదివేవాడు విమానాన్ని 250 అడుగులు భూమిలోకి దించేస్తాడు.

చెల్క_రన్‌వే | 10
దానికి విమానమే ఎందుకు, మా ఊరి బోరు వేసేటోళ్లు రోజూ 250 అడుగులు దించుతరు.

డిండి_గాలి | 11
ఐజీసీ వరుస చదవడం రానివాళ్లకు: బీ అక్షరంతో మొదలవుతుంది, తర్వాత ఆరంకెల టైము, అక్షాంశం, రేఖాంశం, ఆ తర్వాత ఏ అక్షరం, దాని వెనక ఐదంకెల ప్రెషరు ఎత్తు, ఐదంకెల జీపీఎస్ ఎత్తు. ఏ బదులు వీ ఉంటే జీపీఎస్ ఎత్తు నమ్మొద్దు. ప్రెషరు ఎత్తు ఎప్పుడూ 1013.25 లెక్కనే, ఆ రోజు ప్రెషరుకు సెట్ చేసినది కాదు. టైము యూటీసీ, మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. 061200 అని ఉంటే ఇక్కడ పదకొండూ నలభై రెండు.

మల్టీమీటర్_మిర్యాలగూడ | 12
ఇగ అసలు డబ్బా. ఈఎస్‌పీ32 బోర్డు, యూబ్లాక్స్ ఎం8ఎన్ జీపీఎస్, స్టాటిక్‌కు ఎంఎస్5611, త్వరణానికి ఎంపీయూ6050, ఈజీటీకి మాక్స్31855 నాలుగు. కోఠి గుజరాతీ గల్లీల సగం దొరుకుతయ్, మిగతావి ఆన్‌లైన్‌ల. 15 వేలల్ల అయితది, ఇంజిను ప్రెషరు సెన్సర్లు నీ దగ్గర ముందే ఉంటే.

పిటోట్‌కు ఎంపీఎక్స్‌వీ7002 వాడొద్దు. డ్రోన్లోళ్లు అదే వాడతరు, చవక. దాని కొలత 2 కిలోపాస్కల్ దాకనే, అంటే 111 నాట్ల దగ్గర నిండిపోతది. నీ క్రూయిజే ఆ చుట్టుపక్కల. డైవ్ చేసిన రోజున గ్రాఫు పైన కత్తిరించినట్టు సాపుగ వస్తది. ఒక పీఎస్‌ఐ కొలత ఉన్న ఎంఎస్4525 తీస్కో.

దాచే తావు: ఎస్‌డీ కార్డు ఒక్కదాన్నే నమ్మొద్దు. ఫైలు మూయకముందే కరెంటు పోతే డైరెక్టరీల సైజు రాయబడదు, తెరిస్తే సున్నా బైట్లు. సరిగ్గ పడ్డప్పుడే కరెంటు పోతది! స్ప్రింగు సాకెట్ల కార్డు అదురుకు క్షణం వదిలినా ఫైలు పాడు. అందుకని బోర్డు మీదనే అతికించే ఫ్లాష్ చిప్పు, డబ్ల్యూ25క్యూ128, 16 మెగాబైట్లు. ఒక్క వరుస 64 బైట్లు, సెకనుకు పది వరుసలు, అంటే 640 బైట్లు. చిప్పు నిండనీకి ఏడుంబావు గంటలు. నిండితే మొదటినుంచి మళ్ల రాస్తది, గుండ్రంగ. కార్డు మీదికి వేరే ప్రతి పోతది, అది ఇంటికాడ చదువుకునేటందుకు.

చెరిపే పని ముందే చెయ్యాలె. ఆ చిప్పుల 4 కేబీ ముక్క చెరపనీకి ఒక్కోసారి 400 మిల్లీసెకన్ల దాక పడతది, ఆ టైముల వచ్చిన కొలతలు పోతయ్. రెండు ముక్కలు ఎప్పుడూ చెరిపి సిద్ధంగ ఉంచు.

కరెంటు పోయినంక సుత రాయనీకి బ్యాటరీ కాదు, సూపర్ కెపాసిటరు. లిథియం పాలిమర్‌ను 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చెయ్యకూడదు, నల్గొండ ఎండల ప్యానెల్ వెనక అది ఏప్రిల్‌లనే దాటుతది. 5 వోల్టులకు ఛార్జయిన ఒక ఫారడ్ కెపాసిటరు, బోర్డు 120 మిల్లీయాంపులు తాగితే, 3.6 వోల్టులకు దిగేసరికి 11 సెకన్ల పైన ఇస్తది. 11 సెకన్లు చాలు.

పిల్లలమర్రి_ప్రొపెల్లర్ | 13
ఈజీటీ కొలిచే థర్మోకపుల్ వైర్ల దగ్గర రెండు మాటలు. మాక్స్31855కు కొన ఇంజిను బాడీకి తగలని రకం కావాలి. తగిలే రకం పెడితే "షార్ట్" అని తప్పు చూపిస్తుంది, లేదా ఆల్టర్నేటరు లోడు పెరిగినప్పుడల్లా ఈజీటీ గెంతుతుంది. రెండోది, వైరు చాలకపోతే మామూలు రాగి వైరుతో పొడిగించకండి. అతుకు కౌలింగు లోపల వేడిలో ఉంటే ఆ వేడి మేరకు కొలత తప్పుతుంది. కే రకం వైరుతోనే పొడిగించాలి. రంగుల్లో జాగ్రత్త: అమెరికా పద్ధతిలో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. అవును, ఎరుపే మైనస్. యూరప్ పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. రెండూ మన మార్కెట్లో కలిసే దొరుకుతాయి. తిరగేస్తే ఇంజిను వేడెక్కుతుంటే అంకె కిందికి దిగుతుంది.

కోయిల్‌సాగర్_కొంగ | 14
త్వరణం గొడవ ఎక్కడ ఆగింది? సెకనుకు పదిసార్లు అంటే నేను ఒప్పుకోను. 5,500 తిప్పుడులో క్రాంకు సెకనుకు 92 సార్లు తిరుగుతుంది. 2.43 గేరుతో, మూడు రెక్కల ప్రొపెల్లరు గాలిని సెకనుకు 113 సార్లు కొడుతుంది. ఈ అదురును సెకనుకు పదిసార్లు మాత్రమే చూస్తే, లేని మెల్లని ఊగుడు గ్రాఫులో పుడుతుంది. బండి చక్రం సినిమాలో వెనక్కి తిరిగినట్టు. అది చూసి "తోక ఊగింది" అని నెలరోజులు వెతుకుతావు.

మల్టీమీటర్_మిర్యాలగూడ | 15
14, అందుకే గొడవైన ముచ్చట అన్న. ఎంపీయూ6050 లోపలనే ఫిల్టరు ఉంది, 21 హెర్ట్జ్‌కు పెట్టి సెకనుకు 50 సార్లు రాయాలె. ఆరు కొలతలు, ఒక్కోటి రెండు బైట్లు, 50 సార్లు, ఇంకో 600 బైట్లు కలుస్తయ్. అప్పుడు ఏడుంబావు గంటలు మూడుముప్పావుకు దిగుతది. నీ ట్యాంకు ఎన్ని గంటలు ఇస్తదో చూసుకొని చిప్పు పెద్దది పెట్టు.

కొలత ±16 జీకి పెట్టు. మొదట్ల ±2ల ఉంటది, గట్టిగ దిగితేనే నిండిపోతది. డబ్బాను స్పాంజి టేపుతోని అతికిస్తే ఎండకు జిగురు జారి డబ్బా వంగుతది, విమానమే వంగినట్టు రాస్తది. స్క్రూలు వెయ్.

కోయిల్‌సాగర్_కొంగ | 16
ఫ్లట్టరు దొరుకుతుందా అందులో?

సాగర్_590 | 17
దొరకదు, ఆశ పెట్టుకోవద్దు. ఫ్లట్టరంటే రెక్క, దాని వెనక ఆడే పలక (ఐలరాన్) గాలికి వాటంతట అవే కొట్టుకోవడం. 21 హెర్ట్జ్ పైనున్నదాన్ని ఫిల్టరే నరికేస్తుంది, ఐలరాన్ కొన ఆడేది సీటు వెనకున్న డబ్బాకు సరిగ్గా తెలియదు కూడా. 1995లో అమెరికాలో పేరున్న విమాన డిజైనరు స్టీవ్ విట్‌మన్ తాను కట్టుకున్న విమానంలోనే పోయాడు. గుడ్డ రెక్క వెనకంచున అతుక్కోక ఊడి, ఐలరాన్-రెక్క ఫ్లట్టరు వచ్చిందని తేలింది. చెప్పింది రికార్డరు కాదు, రాలిన గుడ్డ. ఏ రసం మీద ఏ రసం పూశావో నీ బిల్డర్ లాగ్‌లో ఉంటే అదీ రికార్డరే.

అమ్రాబాద్_టవర్లేదు | 18
గార్మిన్, డైనన్ గ్లాసు ప్యానెల్ (అన్నీ తెర మీద చూపేది) పెట్టుకున్నోళ్లకు ఈ లొల్లి అంత లేదు గద, అవే రాస్తయ్.

డిండి_గాలి | 19
రాస్తాయి, పెట్టుకుంటే. గార్మిన్ జీ3ఎక్స్‌లో ఎస్‌డీ కార్డు లోపల ఉంటేనే సెకనుకొక వరుస రాస్తుంది. మ్యాపులు అప్‌డేట్ చేయడానికి కార్డు తీసి, ఇంట్లో కంప్యూటరులోనే వదిలేయడం మామూలు సంగతి. డైనన్‌లో లాగ్ ఎన్ని సెకన్లకొకసారి అనేది సెట్టింగుల్లో ఉంటుంది, పది సెకన్లకు పెట్టి మర్చిపోతే టేకాఫ్ మొత్తం నాలుగు చుక్కలు. ఇంజెక్షను ఉన్న 912 ఐఎస్ అయితే ఈసీయూ (ఇంజిను కంప్యూటరు) తన లాగ్ తానే దాచుకుంటుంది, అది రోటాక్స్ సాఫ్ట్‌వేరుతోనే చదవాలి. యూఎల్‌ఎస్ కార్బురేటరుది, దానికి ఆ భాగ్యం లేదు.

పానగల్లు_రెక్క | 20
నా దగ్గర గుండ్రటి గడియారాలే, గ్లాసు ప్యానెల్ లేదు. కెమెరా సంగతి ఎవరూ చెప్పలే.

పిల్లలమర్రి_ప్రొపెల్లర్ | 21
కెమెరా తప్పకుండా పెట్టండి, రికార్డరు బదులు కాదు, పక్కన. ప్యానెల్, ఫ్యూయల్ వాల్వు, పైలట్ చేతులు మూడూ ఒకే ఫ్రేములో రావాలి. సెన్సరు చెప్పలేనిది చెయ్యి ఎక్కడికి పోయిందన్నది.

1997లో గాయకుడు జాన్ డెన్వర్ నడిపిన లాంగ్-ఈజీ గుర్తుచేసుకోండి. ఇంట్లో కట్టినది, ఆయన కొన్నది. కట్టినవాడు ప్లాన్‌లో ఉన్న చోటు మార్చి ఫ్యూయల్ సెలక్టరును పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు, దాని మీద గుర్తులు లేవు. పెట్రోలు నింపుకోకుండా లేచారు. గాలిలో సెలక్టరు తిప్పబోతూ అదుపు తప్పి ఉంటుందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. పది హెర్ట్జ్ రికార్డరు అక్కడ ఉంటే విమానం పక్కకు తిరిగిందని చెప్పేది, ఎందుకు తిరిగిందో చెప్పేది కాదు.

కోయిల్‌సాగర్_కొంగ | 22
కెమెరా మైకును ఇంటర్‌కమ్‌కు కలుపుతారు అందరూ. నేనైతే ఒక మైకు ఖాళీగా వదిలెయ్యమంటాను, ఇంజిను శబ్దం కోసం. శబ్దంలో 113 హెర్ట్జ్ గట్టిగా ఉంటే 5,500 ఆర్‌పీఎం, 14వ పోస్టు లెక్క తిరగేస్తే వస్తుంది. ఆర్‌పీఎం సెన్సరు చచ్చినా శబ్దం చెబుతుంది. లేచేముందు జీపీఎస్ గడియారాన్ని కెమెరాకు ఐదు సెకన్లు చూపించు. కెమెరా గడియారాలు ఎప్పుడూ తప్పే, ఆ ఐదు సెకన్లతో రెండు ఫైళ్లూ ఒక టైముకు వస్తాయి.

చెల్క_రన్‌వే | 23
ఇంత చేసినంక పైలట్ మొఖం సుత ఫ్రేముల పెట్టుకో అన్నా, రీల్స్‌కు పనికొస్తది.

సాగర్_590 | 24
ఆఖరి ప్రశ్నకు వస్తాను. ఏఏఐబీ, అంటే విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో, 2012లో వచ్చింది. 2017 నిబంధనల ప్రకారం ప్రమాదమైనా, తీవ్రమైన ఘటనైనా ఏఏఐబీకీ డీజీసీఏకీ రెండింటికీ తెలిసిన వెంటనే చెప్పాలి, ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. దొరికిన అతి వేగమైన మార్గంలో. బరువు 2,250 కిలోల లోపే కదా అని వదిలేయొద్దు, ఆ అంకె ఎవరు దర్యాప్తు చేయాలి, ఐకావోకు (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు) పోవాలా అనేదానికి. చెప్పాల్సిన బాధ్యత మారదు. నిబంధనల తాజా ప్రతి, ఫోను నంబర్లు ప్రింటు తీసి షెడ్డు గోడకు అతికించు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఆ రోజు వెతకొద్దు.

చెప్పాల్సినవి: విమానం రకం, వీటీ గుర్తు, యజమాని, పైలట్, తేదీ, టైము (యూటీసీనా, ఇక్కడిదా), ఎక్కడ లేచింది, ఎక్కడ దిగాలి, ఎంతమంది ఉన్నారు, ఎవరికేమైంది, ఎంత దెబ్బతింది, చోటు. చోటు చెప్పేటప్పుడు ఊరి పేరు ఒక్కటే చెప్తే చాలదు, అదే పేరుతో ఇంకో మండలంలో ఇంకో ఊరుంటుంది. మండలం, అక్షాంశం, రేఖాంశం చెప్పాలి.

అమ్రాబాద్_టవర్లేదు | 25
ప్రొపెల్లరు గడ్డికి తగిలి కొన విరిగితే సుత చెప్పాల్నా?

సాగర్_590 | 26
దెబ్బ ప్రొపెల్లరు, టైరు, బ్రేకు, రెక్క కొన, యాంటెన్నా, చిన్న సొట్టలతో ఆగితే నిర్వచనం ప్రకారం "ప్రమాదం" కాదు. నిర్మాణం బలం పోయి పెద్ద రిపేరు పడితే ప్రమాదం. మనిషి దెబ్బతిని ఏడు రోజుల్లోపు ఆసుపత్రిలో చేరి 48 గంటలు దాటి ఉంటే తీవ్ర గాయం, అప్పుడు విమానానికి గీత పడకపోయినా ప్రమాదమే. టైము లెక్క ఎగరాలని ఎవరైనా ఎక్కినప్పటినుంచి అందరూ దిగేదాకా. ప్రొపెల్లరు తిరుగుతుండగా దిగినవాడికి తగిలినా ఇందులోకే వస్తుంది. అనుమానముంటే చెప్పెయ్. కాదని వాళ్లే చెప్తారు.

డిండి_గాలి | 27
మనుషుల్ని బయటికి తీయడం, మంట ఆర్పడం, జనానికి అడ్డు తొలగించడం, వీటికి తప్ప శకలం కదపకూడదు. కదిపేముందు నాలుగు దిక్కుల నుంచి ఫొటో తీయండి. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ సెస్నా 152 కూలి ట్రైనీ పైలట్ చనిపోయినప్పుడు ముందు చేరింది పొలాల్లో ఉన్నవాళ్లే. మన చుట్టుపక్కల ఎప్పుడూ అంతే. 112కు ఫోను చేయండి, జనాన్ని దూరం పెట్టండి, ఎవరేం చూశారో, ఏం విన్నారో ఒకరి మాట ఒకరు వినకముందే విడివిడిగా రాసి పెట్టుకోండి.

పిల్లలమర్రి_ప్రొపెల్లర్ | 28
విమానాన్నే దించే పారాచూట్, దాన్ని బయటికి లాగే రాకెట్ ఉన్న విమానమైతే ఇది ముందు చెప్పాలి. పేలకుండా మిగిలిన రాకెట్ కింద ఎవరైనా తల పెట్టి పైలట్‌ను లాగితే ఇంకో ప్రాణం పోతుంది. దాని తీగను కోయొద్దు, లాగొద్దు. బయట తెలుగులో పెద్ద అక్షరాలతో "రాకెట్ – ముట్టుకోవద్దు" అని బాణం గుర్తుతో రాయించండి. ఇంగ్లిష్ స్టిక్కరు పత్తి చేనులో ఉన్నవాళ్ల కోసం వేసింది కాదు.

అమ్రాబాద్_టవర్లేదు | 29
రికార్డరు దొరికితే ముందుగాల బ్యాటరీ పీకాలె. షార్టయి కాలిపోతది.

మల్టీమీటర్_మిర్యాలగూడ | 30
29, అన్నిటికి అట్ల కాదు. పాత చేతి జీపీఎస్‌లల్ల కొన్నిట్ల దారి మొత్తం లోపలి చిన్న బ్యాటరీ మీదనే బతుకుతది. పీకితే పోతది. ఉబ్బిన, పొగలొచ్చే లిథియం అయితే దూరం పెట్టు, మిగతావి ఉన్నది ఉన్నట్టు వదిలెయ్.

ఆన్ మాత్రం చెయ్యొద్దు. ఆన్ చేస్తే కొత్త ఫైలు మొదలైతది, గుండ్రంగ రాసే చిప్పుల పాతదాని మీద రాస్తది. కార్డు ఫోన్ల పెట్టి చూడొద్దు, పెట్టంగనే ఫోను సొంత ఫోల్డర్లు చేస్తది, కంప్యూటరు "రిపేరు చెయ్యాల్నా" అని అడుగుతది, అవునంటే అయిపాయె. పెద్ద కార్డు పక్కన ఉండే లాక్ ముక్క తాళం కాదు, మర్యాద. కంప్యూటరు దాన్ని పట్టించుకోకపోవచ్చు.

కృష్ణ బ్యాక్‌వాటర్ల పడితే తీసి ఆరబెట్టొద్దు. మంచినీళ్ల డబ్బాల ముంచే పంపాలె. గాలి తగిలి ఆరితే తుప్పు అప్పుడే మొదలైతది. బియ్యంల పెట్టే తెలివి ఇక్కడ వద్దు.

చెల్క_రన్‌వే | 31
బియ్యం వద్దంటే రేషన్ షాపోళ్లు బాధపడతరు.

కోయిల్‌సాగర్_కొంగ | 32
బోర్డు మీద ఎపాక్సీ పోసి గట్టి చేస్తే నయం కదా, నీళ్లకూ దెబ్బకూ?

మల్టీమీటర్_మిర్యాలగూడ | 33
ఎపాక్సీ పోస్తే బోర్డు చచ్చినప్పుడు చిప్పు ఒక్కదాన్నే విప్పి చదవనీకి రాదు. విరిగిన డబ్బాలనుంచి డేటా అట్లనే తీస్తరు. పల్చటి కన్ఫార్మల్ పూత చాలు. డబ్బా అల్యూమినియంది, లోపల చిప్పు చుట్టూ సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్ ముక్క. తావు తోకల, బ్యాగేజి వెనక. ట్యాంకు పక్కన వద్దు, దిక్సూచి పక్కన వద్దు.

పానగల్లు_రెక్క | 34
డేటా పోలీసులకు పోతే మన మీదనే కేసు అయితదని భయపెడుతున్రు.

సాగర్_590 | 35
రెండు దారులు వేరు. ఏఏఐబీ దర్యాప్తు ఉద్దేశం ఇంకోసారి జరగకుండా చూడటం, తప్పెవరిదో తేల్చడం కాదు, ఐకావో అనెక్స్ 13లో ఉన్న మాటే అది. ప్రాణం పోతే పోలీసులు బీఎన్ఎస్ఎస్ 194 కింద, వెనకటి సీఆర్‌పీసీ 174, విచారణ చేస్తారు, అది వాళ్ల పని. ఏ పరికరం ఎవరు తీసుకున్నా పంచనామాలో సీరియల్ నంబరుతో రాయించు, సీలు వేయించు, ప్రతి తీసుకో. పక్కన ఏఏఐబీ వస్తోందని రాతలో చెప్పు. "నేనే కాపీ చేసి ఇస్తాను" అని మాత్రం అనొద్దు, 30వ పోస్టు చూడు.

డిండి_గాలి | 36
రికార్డరు ఎందుకు పడిందో చెబుతుంది, ఎక్కడ పడిందో చెప్పదు. దానికి 406 మెగాహెర్ట్జ్ ఈఎల్‌టీ, పడితే ఉపగ్రహానికి తానే సిగ్నల్ పంపే డబ్బా. 121.5 ఒక్కటే ఉన్న పాతది కొనకండి, 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు దాన్ని వినడం లేదు. 406ది అయినా బెంగళూరు మిషన్ కంట్రోల్ సెంటరులో రిజిస్టరు చేయకపోతే ఎవరిదో తెలియని కేక. పడినప్పుడు యాంటెన్నా కేబులు తెగడమే పెద్ద జబ్బు, అందుకే డబ్బా, యాంటెన్నా దగ్గర దగ్గరగా, ఒకే ఫ్రేముకు.

పానగల్లు_రెక్క | 37
ఇగో ఇట్ల అనుకుంటున్న: 12వ పోస్టు డబ్బా, ఫ్లాష్ చిప్పు రెండింతలది, ఎంఎస్4525, త్వరణం 50 సార్లు. స్టాటిక్ గొట్టానికి టీ పెట్టి ఒక కొమ్మ రికార్డరుకు. కరెంటు రేడియో ఫ్యూజుకెల్లి. ప్యానెల్ మీద చిన్న స్విచ్, అవసరమున్నప్పుడు ఆన్ చేసుకోనీకి. కెమెరా సీట్ల మధ్య పైన.

పిల్లలమర్రి_ప్రొపెల్లర్ | 38
టీ పెట్టాక లీకు పరీక్ష చేయకుండా లేవకండి. స్టాటిక్ రంధ్రాలన్నీ మూసి, సిరంజితో మెల్లగా పీల్చి ఆల్టిమీటరును 1,000 అడుగులు పైకి తీసుకెళ్లి గొట్టం నొక్కి పట్టండి. నిమిషంలో 100 అడుగులకు మించి దిగకూడదు. దిగితే ఆ టీనే. గట్టిగా లాగితే వర్టికల్ స్పీడు ముల్లు చెడుతుంది. అయిపోయాక రంధ్రాల మీద టేపు తీశారా లేదా అని ఇంకొకరి చేత చూపించండి.

మల్టీమీటర్_మిర్యాలగూడ | 39
రేడియో ఫ్యూజుకెల్లి వద్దు. రికార్డరు షార్టయితే రేడియో పోతది. వేరే ఒక యాంపు ఫ్యూజు. ఆ స్విచ్ తీసెయ్. మాస్టర్ వేస్తే రికార్డరు నడవాలె, అంతే. స్విచ్ ఉంటే మర్చిపోయిన రోజే కావాల్సి వస్తది.

పానగల్లు_రెక్క | 40
స్విచ్ గీత కొట్టేసిన. ఆ రంధ్రంల ఏం పెట్టాలె, ఇప్పటికే కోసిన.

మల్టీమీటర్_మిర్యాలగూడ | 41
పచ్చ ఎల్‌ఈడీ పెట్టు, చిప్పుల వరుస పడ్డప్పుడల్ల వెలిగేటట్టు. కరెంటు ఉంటే వెలిగేటట్టు కాదు, రాస్తే వెలిగేటట్టు. ఇంజిను నేల మీద 4,000ల తిప్పి, రికార్డరు ఫ్యూజు పదిసార్లు పీకి చూడు. పదిసార్లు ఆఖరి సెకను దాక ఉంటేనే తోకల బిగించు.

చెల్క_రన్‌వే | 42
రంగు డబ్బా కొన్నవా లేదా?

పానగల్లు_రెక్క | 43
నారింజ దొరకలే, ట్రాక్టరు ఎరుపు ఉంది.